ఏడో నంబరు బ్యాటరీ

హుస్సేనీ ఆలంలో పోలీసుల వైర్‌లెస్ సెట్లకు బ్యాటరీలు చార్జి చేసే నజీర్‌మియా చొక్కా యాసిడ్ చుక్కలకు జల్లెడయింది. పెళ్ళాం మాట చెవిన పెట్టని ఈ మహానుభావుడు బ్యాటరీలో బుడగల చప్పుడు మాత్రం తల వంచి వింటాడు. గాజు గొట్టంలోకి యాసిడ్ పీల్చి చూసి, చార్జి నిండినదానికే సుద్దగీత పెడతాడు. నిరుడు మూసీ పొంగిన రోజున తొందరపడి, చూడకుండానే ఏడో నంబరుకు గీత పెట్టాడు. ఆ బ్యాటరీతో వెళ్ళి నీళ్ళలో చిక్కిన జవాను విఠల్‌రావు పడవ కోసం పిలుస్తుండగానే సెట్టు మూగబోయింది, మనిషి దక్కలేదు. ఆనాటినుంచి ఏడో నంబరు మూలనే ఉంది. ఊరికే ఉన్నా చార్జి దిగిపోవలసిన బ్యాటరీ, కరెంటు తీగ తగిలించకపోయినా, ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది. ఆ సంగతి నజీర్ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం మూసీ మళ్ళీ పొంగింది. "బ్యాటరీలన్నీ డ్యూటీకి పోయినయ్ భాయ్, గా మూలకున్నది ఇయ్యి. గుడ్లు పొదుగుతున్నదా ఏంది?" అన్నాడు జవాను ఎల్లయ్య. నజీర్ మూడుసార్లు గొట్టంతో చూశాడు, నిండుగానే ఉంది. అయినా సుద్ద పట్టిన చెయ్యి లేవలేదు. విసుగెత్తి ఎల్లయ్యే దాన్ని సెట్టుకు తగిలించాడు. గరగరల్లోంచి విఠల్‌రావు గొంతు మెల్లగా అడిగింది: "నజీర్‌భాయ్, ఈసారి చూసినవా?"

ఎల్లయ్య సెట్టును నజీర్ ముందు పెట్టాడు.

"చూసిన విఠలన్నా, మూడుసార్లు చూసిన," అని నజీర్ గీత పెట్టాడు.