లింగమ్మ నేసిన దుప్పట్లు

సారంగపాణి సారు హనుమకొండలో మాకు నేత చదువు చెప్పేవాడు. చదువు చివర మూడు నెలలు మమ్మల్ని చేనేత సంఘాలకు ట్రైనింగుకు పంపేవారు. నేసిన బట్టను పరీక్షించి, బాగుంటే ముద్ర కొట్టడం అక్కడ మా పని. పంపేముందు వారం రోజులు సారు మా ప్రాణాలు తోడేసేవాడు. తనే సంఘం సెక్రటరీలా కుర్చీలో కూర్చుని, "రా తమ్మీ, చాయ్ తాగుదువు గని. గీ బట్టల మీద జర ముద్ర కొట్టు" అని బతిమాలేవాడు, తర్వాత బెదిరించేవాడు. నవ్వి ఊరుకున్నవాడికి ఆ పూట తిట్లే. "చూడకుండా కొట్టను సార్" అని గట్టిగా అనేదాకా వదిలేవాడు కాదు. గంజి దట్టించి బరువు పెంచిన బట్టను పట్టుకోవడమూ ఆయనే నేర్పాడు. ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ తూచాలి.

1981లో నన్ను కాశిబుగ్గలో ఒక సంఘానికి వేశారు. సంఘం నూలు ఇస్తుంది, నేసేవాళ్ళు అంతే బరువున్న బట్ట తెచ్చివ్వాలి. రెండో వారంలోనే లింగమ్మ అనే ఆమె నేసిన దుప్పట్లు నేను ఉతికి తూస్తే బరువు బాగా తగ్గాయి. నాకు పట్టరాని సంబరం. ఆమె పేరు ఎర్ర సిరాతో రాసిచ్చాను. ఆమెకు నూలు ఆపేశారు. సంగతి చెబితే సారు నా భుజం తట్టాడు.

నెల తర్వాత నేను సారు ఇంట్లో ఉండగా లింగమ్మ వచ్చింది.

"అన్నా, నీ పిల్లగాడు బట్ట ఉతికి జోకిండు. మంచిదే. మరి నాకిచ్చిన నూలు జోకిండా? నెలాయె, మగ్గం ఉత్తగనే ఉన్నది."

సారు ముఖం పాలిపోయింది. దొంగతనం సంఘంలో నూలు తూచి ఇచ్చే దగ్గరే జరుగుతోంది. తగ్గిన బరువు పూడ్చుకోవడానికి ఆమె గంజి పెట్టింది, నేను ఆమెనే పట్టుకున్నాను. ఆ సంఘం సెక్రటరీ గుండయ్య సారుకు స్వయానా బావమరిది.

సారు నన్ను వెంటబెట్టుకుని సంఘానికి నడిచాడు. నూలు కట్టలు తూచాలన్నాడు.

"బావా, ఈ పిల్లగాని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నేను. యాదుంచుకో" అన్నాడు గుండయ్య.

సారు నావైపు తిరిగాడు. "సంతకం పోతది. తెలిసే అడుగుతున్న. జోకుతవా?"

తూచాను. తూచిన ప్రతి కట్టా తక్కువే వచ్చింది.

విచారణ జరిగింది, లింగమ్మకు మళ్ళీ నూలు ఇచ్చారు. నాకు సంతకం రాలేదు, ఒక ఏడాది పోయింది. సారు ఇంటికి అత్తగారివైపు వాళ్ళ రాకపోకలు ఆగిపోయాయి. ఆ మాట ఆయన మా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.

మరుసటేడు నేను మళ్ళీ అదే క్లాసులో కూర్చున్నాను. సారు ఈసారి సెక్రటరీ వేషం వెయ్యలేదు. లింగమ్మను తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, "పోయినేడు నేను సగమే నేర్పిన. మిగతాది ఈమెను అడుగుండ్రి" అన్నాడు.

రాజేశ్వరి అనే అమ్మాయి లేచింది. "నూలు తక్కువుందని ముందే చెప్పొచ్చు కదమ్మా?"

లింగమ్మ నన్ను చూపించింది. కోపంగా కాదు.

"చెప్పుదామనే పోయిన బిడ్డా. గీ పిల్లగాని ముంగట చానాసేపు నిలవడ్డ. రాసుకుంట తలకాయ ఎత్తలే."

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ రోజు నా బల్ల ముందు ఒక మనిషి నిలబడిందన్న సంగతే నాకు గుర్తులేదు.