కాళ్ళ మీద కప్పిన శాలువా

ఆయమ్మ పోయింది. ఆ సంగతి నాకు నోటితో ఎవరూ చెప్పలే. పొద్దున చాయ్ తాగుకుంట ఫోన్ల మన చర్చి గ్రూపు తెరిస్తే, ఒకరు పంపిన గులాబీ పువ్వుకూ ఇంకొకరు పంపిన కీళ్ళనొప్పుల కషాయానికీ నడుమ ఉన్నది ఆ వార్త: “ప్రశాంతంగా ప్రభువు సన్నిధికి చేరింది.” దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు, బారుగా.

“ప్రశాంతంగా” అన్న ఆ ఒక్క మాట మీద నాకు కోపం. పది రోజులైంది, తగ్గలే. ఆమె ప్రశాంతంగా పోలేదు. నొప్పితో పోయింది. మేమంతా చుట్టూ నిలబడి, ఎట్లున్నవని అడిగి, బాగున్న అంటే నమ్మి పంపించినం. ఆమె గురించి నాలుగు మాటలు రాయమని మీలో ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. రాస్త. మంచి మాటలే వస్తయని మాత్రం మాట ఇయ్యను.

మా పక్కింటి మనిషి. బీదర్‌ల ఒక దవాఖానల ముప్పై ఏండ్లు ఆయాగా చేసింది. దుప్పట్లు మార్చుడు, లేవలేనోళ్ళను ఒత్తిగిలబెట్టుడు, ఒళ్ళు తుడుచుడు ఆమె పని. చదివింది నాలుగో తరగతి. నేనూ అంతే. తర్వాత చదివిందంతా లారీ స్టీరింగు మీద పెట్టుకొని చదివిందే.

లారీ అంటే యాదికొచ్చింది. రోడ్డు మీద మాకు నోటితో పని లేదు. ఎదురొచ్చేటోడు లైటు రెండుసార్లు కొట్టి, చెయ్యి బయటికి పెట్టి అరచెయ్యి కిందికి ఊపిండంటే ముందట చెకింగ్ ఉన్నట్టు. వాడిది ఏ ఊరో, ఏ భాషో తెల్వది. అన్ని ఏండ్లల్ల ఒక్కడు గూడ నాకు తప్పు చెప్పలే. లారీ దిగి ఇల్లు చేరినంకనే అబద్ధాలు షురూ అయ్యేవి. అసలు సంగతికొస్త.

మన్నాఏఖేళ్ళి మార్కెట్‌ల సరుకు దించుతుంటే లారీ వెనక డాలా, ఆ ఇనుప తలుపు, ఊడి నా పొట్టకు కొట్టింది. దవాఖానల పండబెట్టిండ్రు. మంచం చుట్టూ మా మామ, ఇద్దరు బావమరుదులు, నా భార్య. డాక్టర్ వచ్చి అడిగిండు. “ఏం లేదు సార్, జర తగిలింది, అంతే” అన్న. మామ ముందట అల్లుడు అమ్మా అని మూలుగుతడా?

దుప్పటి మార్చనీకి ఆయమ్మ వచ్చింది. నా ముఖం దిక్కు చూడనే లేదు. కాళ్ళకాడ దుప్పటి ఎత్తి చూసింది. మా మామతో అన్నది, “పెద్దాయనా, అందరూ పోయి చాయ్ తాగి రాండ్రి. ఈయనకు ఒళ్ళు తుడిచేదుంది.”

వాళ్ళు పోయినంక నా కాలి బొటనవేలు పట్టుకున్నది.

“ఎప్పటిసంది?”

“ఏంది అక్కా?”

“నా తాన నాటకాలు వద్దు తమ్మీ. వేళ్ళు చూడు, జారిపోయే చెప్పును పట్టుకున్నట్టు ఎట్ల ముడుచుకున్నయో. పొద్దటిసందా?”

అప్పుడు ఏడ్చిన, చిన్నపిల్లగాని లెక్క. పొట్ట లోపల నెత్తురు కారుతున్నదట. ఆమె ఉరికి డాక్టర్ను పట్టుకరాకపోతే ఈ స్మృతి నా మీద ఎవరన్న రాసేటోళ్ళు.

తర్వాత ఆమె ఇంటి పక్కకే కిరాయికి వచ్చినం. ఆనాడు ఎట్ల పసిగట్టినవని అడిగితే చెప్పింది, “నోరు చుట్టాలది తమ్మీ. కాళ్ళే మనిషివి.”

నిజమే గద. బీదర్ మనిషికి నాలుగు భాషలు. కచేరీల కన్నడ, బజార్ల దక్కనీ, భాల్కి దిక్కు చుట్టాలతో మరాఠీ, ఇంట్ల కొట్లాటకు తెలుగు. నాలుగింట్లనూ నొప్పి అన్న మాట ఉన్నది. అయినోళ్ళ ముందట ఒక్కడూ అనడు. కోడలు అత్త ముందట అనదు, మొగడు పెండ్లాం ముందట అనడు. అందుకే ఆయమ్మ ముందుగాల చుట్టాలను చాయ్‌కు పంపేది. ఎంతమందిని పంపిందో! ఆ దవాఖాన ముందటి చాయ్ హోటలోడు ఆమె పుణ్యాన మిద్దె కట్టిండని నేను ఎక్కిరించేది.

ఇంటికి పోతే “తిన్నవా” అని ఏనాడూ అడగలే. గడప కాడ చెప్పులు ఎట్ల విడిచినవో చూసేది. ఒకటి ఇటు, ఒకటి అటు ఎగిరిపడితే ఆకలి మీదున్నవని పళ్ళెం పెట్టేది. చర్చిల ఆఖరు వరుసల కూసునేది. “పాస్టరుకు ముఖాలు కనవడ్తయి. మోకరించినప్పుడు నాకు అరికాళ్ళు కనవడ్తయి. ఎవరి సంగతి ఎవరికి ఎక్వ తెలుసు?” అని నవ్వేది.

పోయిన నెల కడుపుల బాధ అని చేర్చిండ్రు. తను చేసిన దవాఖాన కాదు, వేరేది, చల్లగాలి మిషన్లున్నది. భాల్కిల టీచరు పని చేసే బిడ్డ సెలవు పెట్టి వచ్చింది. పెద్ద డాక్టర్ వచ్చి, కంప్యూటర్ల చూసుకుంటనే, ఎట్లున్నరవ్వా అని కన్నడంల అడిగిండు, “అజ్జీ, హెంగిద్దీరి? ఆరామ్?” ఆమె “ఆరామ్” అన్నది. ఆయన టకటక కొట్టుకున్నడు. నర్సు పిల్ల ఒక కాగితం చూపెట్టింది. నవ్వే ముఖం కాడినుంచి ఏడ్చే ముఖం దాక బొమ్మలు. నొప్పి ఎంతున్నదో వేలు పెట్టి చూపియ్యాలెనట. బిడ్డ పక్కనే ఉన్నది. ఆయమ్మ నవ్వే ముఖం మీద వేలు పెట్టింది. అది గూడ రాసుకున్నరు.

నేను కుర్చీ లాక్కొని కూసున్న.

“అక్కా, ఎట్లున్నది?”

“మంచిగున్న తమ్మీ. నువ్వు తిన్నవా?”

తిన్నవా అని అడిగింది! ఏనాడూ అడగని మనిషి! ఆ ఒక్క మాటకే నేను లేచి నిలబడాలె. కూసునే ఉన్న.

మళ్ళ బిడ్డతోని అన్నది, “నువ్వు కిందికి పొయ్యి మామకు చాయ్ పట్టుకరా పో.”

నేనేమన్ననో వినుండ్రి. “వద్దక్కా, ఇంట్ల తాగే వచ్చిన. బిడ్డను తిప్పకు.”

కొంచెంసేపటికి ఆమె కాళ్ళతో దుప్పటి తన్నేసింది. నేను సర్దిన. మళ్ళ తన్నేసింది. బిడ్డ విసుక్కున్నది, “పొద్దటిసంది ఇదే కత మామా. మొండిది.” చలికి కాళ్ళు ఎట్లనో అయితయని నా భుజం మీది ఉన్ని శాలువా తీసి ఆ కాళ్ళకు కప్పి, కొసలు రెండు దిక్కుల పరుపు కిందికి దోపిన. గట్టిగ దోపిన, ఊడకుండ. నా కండ్ల ముందట ఉన్నయి ఆ వేళ్ళు. చలికి ముడుచుకున్నయనుకున్న. ఆయమ్మ నా దిక్కు చాలాసేపు చూసి కండ్లు మూసుకున్నది. నిద్రపట్టిందని ఇంటికొచ్చిన.

తెల్లారి ఆ వార్త. పేగు పగిలి రెండు దినాలైందట. “అజ్జి చెప్పనే లేదు” అన్నడట డాక్టర్. చెప్పింది సార్. మీరు కంప్యూటర్ల చూస్తున్నరు. మీ మీద నాకు కోపమే, కాని మీరు ఆమె చేత బతికినోళ్ళు కాదు. నేను బతికినోణ్ణి. నన్ను చదివిన మనిషి, తనను చదవమని రెండుసార్లు కాళ్ళు చాపితే, రెండుసార్లు కప్పిన.

సమాధుల తోటల పెట్టె మూసేముందు ప్రార్థన జరుగుతుంటే, బిడ్డ సంచిలకెల్లి నా శాలువా తీసింది. “అమ్మకు ఆఖరుకు కప్పింది ఇదే గద మామా” అని కాళ్ళ మీద పరిచింది.

“తియ్యి దాన్ని!” అని ఒర్లిన. పాస్టరు ప్రార్థన ఆగింది. ముసలోనికి మతి పోయిందనుకున్నరేమో, అందరూ నన్నే చూస్తున్నరు. వంగి శాలువా నేనే గుంజేసిన.

రెండు బొటనవేళ్ళనూ తెల్ల బ్యాండేజి పీలికతో దగ్గరికి కట్టిండ్రు. పది వేళ్ళూ తిన్నగ ఉన్నయి. ఒక వేలు పట్టుకున్న. “ఇగ పెట్టె మూస్తం మామా, చెయ్యి తియ్యి” అని బిడ్డ మెల్లగ అంటున్నది. వినవడ్తున్నది. పట్టుకునే ఉన్న.