వంతెన అవతలికి రెక్కీ

హెలికాప్టర్ మమ్మల్ని ఒక బడి ఆవరణలో దింపి వెళ్లిపోయింది. వాన. చీలమండల దాకా ఎర్ర బురద. రైఫిల్, దోమతెర, నీలం హెల్మెట్, తడిసిన బట్టల కిట్‌బ్యాగ్. దేశం సియెర్రా లియోన్. అక్కడి యుద్ధం అప్పుడప్పుడే చల్లబడుతోంది. మేం మన ఆర్మీ నుంచి వెళ్లిన శాంతి దళం. నేను నాయక్‌ని, ఒక చిన్న జట్టుకి పెద్దదిక్కుని.

ఇప్పుడు కెనడాలో వాన్ అనే ఊళ్లోని మా వేర్‌హౌస్‌కి, కాలేజీల ప్రతి ఇన్‌టేక్‌లోనూ మన స్టూడెంట్లు పార్ట్ టైమ్‌కి గుంపులుగా వస్తున్నారు. నేను ఆర్మీలో చేశానని తెలియగానే ఎంతమందిని కాల్చారు అంకుల్ అని అడుగుతారు. ఒక్కరినీ లేదంటే మొహాలు చిన్నబోతాయి. అందుకని ఈ సంగతి చెప్తుంటాను.

మాకిచ్చిన ఆర్డర్ చిన్నది. రోడ్డు మీద ప్రతి బండినీ ఆపాలి. ఆయుధాలు వెతకాలి. వాగు మీది దుంగల వంతెన దాటకూడదు. వంతెన అవతలంతా అడవి.

పోస్టు పక్కనే ఫారెస్ట్ గార్డు గుడిసె. అరవై దాటిన మనిషి. యుద్ధంలో ఊరంతా పారిపోయినా ఆయన పోలేదట. చేతిలో తుపాకీ లేదు, మెడలో ఒక విజిల్ ఉండేది. సాయంత్రాలు పెద్ద ముక్కు పక్షులు మా మీదుగా ఎగిరేవి. రెక్కల చప్పుడు చేటతో చెరిగినట్టు వినిపించేది. ఒకప్పుడు ఆ చప్పుడుకి మాట వినబడేది కాదని ఆయన బెంగపడేవాడు. ఆకలితో జనం, అమ్ముకోవడానికి దళారులు, దొరికినదల్లా పట్టుకుపోయారు. ఈ ముసలాయన విజిల్‌తో ఏం కాపాడతాడని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం అడవి వైపు నుంచి సైకిల్ మీద ఒకతను వచ్చాడు. వెనక క్యారియర్‌కి గోనెసంచి. ఆపమన్నాం. సైకిల్ అక్కడే పడేసి చెట్ల వెనక్కి పరిగెత్తాడు. సంచి మీద చెయ్యి వేశాను. గుండ్రంగా, గట్టిగా, గరుగ్గా తగిలింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మందుపాతర అనుకున్నాం. ఫౌజీ బుర్ర అంతే, గుండ్రంగా ఉంటే బాంబే. అందరం వెనక్కి తగ్గాం. రోడ్డు మూశాం. ఇసుక బస్తాల వెనక బోర్లా పడుకున్నాం. రేడియో ఆపరేటర్ మా ప్లటూన్ కమాండర్ అయిన కెప్టెన్ సాబ్‌ని పిలిచాడు.

"సాబ్, మైన్ దొరికింది. ఓవర్."

కాసేపటికి వాడి గొంతు మారింది. "సాబ్, మైన్ కదులుతోంది. ఓవర్."

"మైన్ కదలడమేంట్రా? ఓవర్."

ఈలోగా గార్డు మా బస్తాలు దాటుకుని నడిచి వెళ్లి సంచి మూతి విప్పేశాడు. లోపల పొలుసుల బంతి. అలుగు, భయపడితే ఇలా ముడుచుకునే జంతువు. మా నల్లమల వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఎక్కడ చూసినా గుర్తుపడతాం. బతికుందో లేదో చూద్దామని రెండు చేతులతో విప్పబోయాను. గార్డు నా మణికట్టు పట్టుకున్నాడు.

"లాగొద్దు. భయం పోతే అదే విప్పుకుంటుంది."

పొలుసుల సందులోంచి చిటికెన వేలంత తోక ఒకటి బయటికి కనిపించింది. తల్లి పొట్ట దగ్గర దాచుకున్న పిల్లది. చీమలు, చెదలు తప్ప ఇవి ఏమీ తినవని, ఇక్కడే ఉంచితే రెండూ చచ్చిపోతాయని గార్డు చెప్పాడు. పట్టిన చోటే వదలాలి. ఆ చోటు వంతెన అవతల ఉంది.

రేడియో నేనే తీసుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"మన డ్యూటీలో జంతువులు లేవు నాయక్. ఓవర్."

"తెలుసు సాబ్. పిల్ల కూడా ఉంది. ఓవర్."

గరగర మధ్యలోంచి సాబ్ అన్నాడు, "వంతెన అవతల దారి ఎలా ఉందో రెక్కీ చేసి చాలా రోజులైనట్టుంది కదా? ఓవర్."

"చాలా రోజులైంది సాబ్. ఓవర్."

"చీకటి పడేలోపు చూసి రండి. అవుట్."

చెట్ల చాటు నుంచి సైకిలతను వచ్చాడు. తలవంచుకుని, ఇంట్లో పిల్లలు తిని రెండ్రోజులైందన్నాడు. మా వంటమనిషి ఎవరినీ అడక్కుండా బియ్యం, పప్పు మూటగట్టి అతని క్యారియర్‌కి కట్టాడు. గార్డు అతన్ని తిట్టలేదు, ఎక్కడ పట్టావో చూపించమన్నాడు. అతనే ముందు నడిచాడు.

అలుగుని నా హెల్మెట్‌లో పెట్టుకున్నాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. పోస్టు దాటి హెల్మెట్ తీయడం పెద్ద తప్పు. బోడితల మీద వాన పడుతుంటే వంతెన దాటాను. అంత బరువైన టోపీ నేనెప్పుడూ మోయలేదు.

చెట్టు మొదట్లో దించి దూరంగా కూర్చున్నాం. ఇక లేవదనుకున్నాను. అప్పుడు పొలుసులు కొద్దిగా సడలాయి. ముందు ముక్కు బయటికొచ్చింది, చిన్నది, తడిది. గాలిని వాసన చూసింది. తర్వాత పిల్ల తల్లి తోక మొదట్లోకి పాకి అతుక్కుంది. తల్లి చెట్టెక్కింది. నాకు ఏడుపొచ్చింది. సైకిలతను నా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. అతనికీ వచ్చినట్టుంది.

అక్కడ మా డ్యూటీ గడువు ముగిసింది, ఇంటికొచ్చాను. కొన్నేళ్లకు పెన్షన్ తీసుకుని, మా ఆవిడ నర్సు ఉద్యోగం వల్ల కెనడా వచ్చాం. ఆ తల్లీపిల్లా బతికాయా అని స్టూడెంట్లు అడుగుతారు. నాకు తెలియదు.

పోయిన జనవరిలో కరీంనగర్ అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. వచ్చి వారం కూడా కాలేదు. బ్రేక్ రూమ్ మూల కుర్చీలో మోకాళ్లు దగ్గరికి లాక్కుని, పార్కా చలికోటుకున్న హుడ్ మొహం మీదికి దించుకుని కూర్చుంది. ఎవరు పిలిచినా పలకలేదు. తోటి పిల్లలు కంగారుగా హుడ్ తీయబోయారు.

"లాగకండి," అన్నాను.

నా ఫ్లాస్కులోంచి చాయ్ పోసి ఆమె పక్కన పెట్టి, దూరంగా కూర్చున్నాను. బయట మంచు పడుతోంది. చాలాసేపటికి హుడ్ కొద్దిగా సడలింది. ముందు ముక్కు బయటికొచ్చింది, ఎర్రగా, తడిగా.

"అంకుల్, ఈ చాయ్ నాకేనా?"