వేములవాడ సోమవారం, బస్ట్లింగ్ అనే మాట

కరోనా తగ్గి కోచింగ్ సెంటర్లు మళ్లీ తెరిచిన ఏడాది అది. కోరుట్లలో ఒక మందుల షాపు పైన మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు. ఇంగ్లిష్ భయం పోగొడతామని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను. మిగతా భయాల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ రాయించలేదు.

రజితది పెగడపల్లి. కల్లుగీసే భర్త తాటిచెట్టు మీంచి పడ్డాడు, ఇక చెట్టెక్కలేడు. వేములవాడ గుడి దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షనిస్టు ఉద్యోగం ఉందని తెలిసి మా దగ్గర చేరింది. అది వస్తేనే ఇల్లు నడుస్తుంది.

మాక్ ఇంటర్వ్యూలో, అంటే అసలు ఇంటర్వ్యూకు ముందు మేం పెట్టే రిహార్సల్‌లో, వేములవాడ గురించి చెప్పమన్నాను. "ఇట్ ఈజ్ ఎ క్రౌడెడ్ ప్లేస్" అని ఆగిపోయింది. ఫ్లూయెన్సీ, అంటే తడబడకుండా మాట్లాడటం, ఇంకా రాలేదనుకుని మందలించబోయాను. అంతలో తనే అసలు సంగతి చెప్పింది. అక్కడి జాతరలో ఆమె చేయి జారి చిన్న కూతురు తప్పిపోయిందట. సాయంత్రానికి దొరికింది గానీ, అప్పటి నుంచి జనం గుమిగూడిన చోటికి రజిత పోనే పోదు.

"గంత మందిల నేనెట్ల కూసుంట మేడం? ఊపిరాడది" అంది.

ఓదార్చడం నాకు చేతకాదు. మాటలే చేతనవును కాబట్టి 'క్రౌడెడ్'కు బదులు ఇంకో మాట చెప్పాను. బస్ట్లింగ్. జనం నిండి, ఎవరి పనుల మీద వాళ్లు కదులుతూ సందడిగా ఉండే చోటు. దాని పుట్టుక గట్టిగా ఎవరూ చెప్పలేరు. 'బస్క్' అనే పాత మాట నుంచి వచ్చి ఉంటుందంటారు. ఎప్పుడో ఉత్తరపు సముద్రాల మీద ఓడల్లో వచ్చినవాళ్లు ఇంగ్లిష్‌లో వదిలిపోయిన మాట. దానర్థం సిద్ధం కావడం.

రజిత కిటికీలోంచి కింది రోడ్డు మీది జనాన్ని చూసింది. "అంటే అందరు తయారైతున్నరన్నట్టా?"

గుడికి జనం ఎక్కువగా వచ్చేది సోమవారాలే కాబట్టి, ఆ సోమవారం పొద్దున్నే ఇద్దరం వేములవాడ వెళ్లి లాడ్జి మెట్ల మీద కూర్చున్నాం. సిరిసిల్ల బస్సులు దిగిన జనం మంచులోంచి వస్తూ, మళ్లీ మంచులోకే పోతున్నారు. కలలో లాగా చప్పుళ్లన్నీ దూరంగా వినిపిస్తున్నాయి. మొక్కు తీర్చుకోవడానికి తెచ్చిన కోడెకు ఒకాయన బొట్టు పెడుతున్నాడు. ఒకామె తడి జుట్టుతోనే కూతురికి జడ వేస్తోంది. గుండు చేయించిన పసివాడి తలకు ఎవరో గంధం పూస్తున్నారు. రజిత నా మణికట్టు గట్టిగా పట్టుకుని, ఎవరు దేనికి తయారవుతున్నారో ఒక్కొక్కరినీ చూపిస్తూ చెప్పింది. ఉన్నట్టుండి ఆగింది.

"గారోజు గూడ ఎవళ్ల తయారీల ఆళ్లున్నరు మేడం. గాజులమ్మే ఒకామె మాత్రం బేరం ఇడిచిపెట్టి, నా బిడ్డను పొద్దుమూకేదాంక ఒళ్లె కూసోవెట్టుకున్నది. ఇన్నొద్దులు గామెను యాది చేసుకోలే."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు.

ఉద్యోగం వచ్చింది. అర్థం చెప్పడంతో నా పని అయిపోతుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ అర్థంతో మనిషి ఏం చేసుకుంటుందో చూసేదాకా అవదని రజిత వల్లే తెలిసింది. సోమవారాల రద్దీని తట్టుకోగలవా అని ఇంటర్వ్యూలో మేనేజర్ అడిగితే, నేను నేర్పిన ఇంగ్లిష్ అంతా పక్కన పెట్టి తెలుగులోనే జవాబిచ్చిందట.

"తప్పిపోయిన పిల్లలు ఎవ్వలున్నా నా కౌంటర్ కాడికి తోలుండ్రి సార్. ఆళ్ల అమ్మ వచ్చేదాంక నేను కూసోవెట్టుకుంట."