చూపెట్టొద్దని రాసిచ్చిన భుజం

ఏడు కాండల వీరగాథ చెబుతాను, కూర్చోండి. ఇందులో పాతాళం ఉంది, గోదావరి దాటిన ప్రయాణం ఉంది, తల్లి ఉంది, తీర్పు ఉంది. కాకపోతే వీరుడి భుజమే ఉండవలసిన చోట ఉండదు. తువ్వాలు దులిపినా జారిపోతుంది. అందుకని కాండలు మానేసి, ఇలాంటి కీళ్లున్నవాళ్లకు పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. బొగ్గుబావిలో బదిలీ ఫిల్లర్‌ని. అంటే ఎవరైనా పనికి రాని రోజున వాళ్ల బదులు దిగి, తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులో పోసేవాణ్ణి. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం మేం. బాపు చనిపోయాక నానమ్మ, అవ్వ, నేను ఆ బదిలీ కార్డు మీదే బతికేవాళ్లం. ఒకరోజు నిండు తట్ట పైకెత్తబోతుంటే కుడి భుజంలో టక్కుమంది. చెయ్యి నాది కానట్టు వేలాడింది.

పక్కనున్న రాజన్న దీపం ఎత్తి చూశాడు. "ఏందిరా, చెయ్యి గట్ల ఏలాడుతుంది? ఊడిందా?"

"ఊడలేదన్నా, బువ్వ తిననీకి పోయింది."

అందరూ నవ్వారు. నేను బొగ్గు మీద వాంతి చేసుకున్నాను.

పైకొచ్చి బావి దవాఖానకు నడిచేలోపే భుజం తనంతట తానే లోపలికి వెళ్లిపోయింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి "నార్మల్" అన్నాడు. తర్వాత నాలుగుసార్లు అలాగే జరిగింది. దారిలో ప్రాణం తీసే నొప్పి, డాక్టరు ముందు బుద్ధిమంతుడైన భుజం. లక్సెట్టిపేటలో ఎముకలకు కట్టు కట్టే ముసలాయన వెదురుబద్దలతో నెలరోజులు బిగించాడు. విప్పేసరికి నా చెయ్యి ఆ బద్దలకంటే సన్నగా ఉంది. కండ కరిగింది కదా, ఇంకా సులువుగా జారడం మొదలైంది.

ఇక్కడ మా అవ్వ గురించి కొంచెం చెప్పాలి. కాలనీలో గాజులమ్ముకునే ఆమెకు మా అవ్వంటే ప్రాణం. మిగతా ఆడవాళ్ల చేతులు సబ్బు రాసి, పిసికి, ఏడిపించి గాజులు ఎక్కించేది. అవ్వ చేతికి చిన్నపిల్లల గాజులు కూడా సర్రున ఎక్కేవి. "నీ చెయ్యి చెయ్యి కాదే, పట్టుబట్ట. మడతవెట్టి సందూకల పెట్టుకోవచ్చు" అనేది. ఆ పట్టుబట్ట చెయ్యే వారానికోసారి నీళ్లబిందె వదిలేసేది. అప్పుడు నానమ్మ, "పని తప్పించుకునే యేషాలు. నా కొడుకును గిట్లనే తిన్నది" అని గరిటె తిరగేసి కొట్టేది. నేను పక్కన నిలబడి, "అవ్వ గోదారిని ఇంట్లకే తెచ్చింది" అని నవ్వించేవాణ్ణి. నానమ్మ గరిటె ఒక్క దెబ్బతో ఆగేది. నా జోకు వాడంతా తిరిగేది.

డాక్టరిచ్చే సిక్ చిట్టీ లేకుండా నాగాలు, అంటే పనికి రాని రోజులు, ఎక్కువైతే బదిలీ కార్డు కొట్టేస్తారు, పని పోతుంది. నావి ఎక్కువయ్యాయి. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. దారిలో జారింది చూపించలేకపోతున్నాను కాబట్టి, డాక్టరు ముందే జార్చాలి. మోచేతిని వెనక్కి తిప్పి ఒక్క విదిలింపు విదిలిస్తే చాలు.

చేసి చూపించాను. డాక్టరు కుర్చీలోంచి లేచాడు. కాంపౌండరును, గుమాస్తాను పిలిచాడు. "మళ్లీ చెయ్యి."

చేశాను.

"ఇంకోసారి."

మూడోసారి భుజం తిరిగి వెళ్లలేదు. ఒకరు నడుం పట్టుకుని, ఇద్దరు చెయ్యి లాగి ఎక్కించారు. ఆ రోజునుంచి భుజం మీద బెత్తెడు చోటు చీమ కుట్టినా తెలియదు. డాక్టరు రాసుకుంటూ పైకి చదివాడు: "కెన్ డిస్‌లొకేట్ ఎట్ విల్. మాలింగరింగ్."

"అంటే ఏంది సార్?"

"కావాలని కీలు జార్చుకుని, పని ఎగ్గొట్టడానికి రోగం నటించడం."

నటనలో ఇంత నొప్పి ఉంటుందని మా ఊరికొచ్చిన నాటకాలవాళ్లెవరూ చెప్పలేదు.

రాజన్న సలహా మీద హైదరాబాదు పెద్దాసుపత్రికి వెళ్లాను. సంచి మోయడానికి అవ్వ తోడొచ్చింది. ఎవరు ఎవరికి తోడో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రాదు. అక్కడి ముసలి డాక్టరు నా బొటనవేలిని వంచితే ముంజేతికి ఆనింది. చిటికెనవేలు వెనక్కి ఒరిగింది. మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు తగిలాయి.

"హైపర్‌మొబైల్ జాయింట్స్. కీళ్లను పట్టే లిగమెంట్స్ లూజున్నయి. పుట్టుకతోనే. ఇంట్ల ఇంకెవలికన్న గిట్లుందా?"

"లేదు సార్."

ఆయన నన్ను చూడటం లేదు. బల్ల మీద వెనక్కి మడిచి ఆనించుకున్న అవ్వ చేతిని చూస్తున్నాడు. "అమ్మా, జర గా చెయ్యి ఇటియ్యి." ఆమె బొటనవేలు కూడా ముంజేతి మీద పడుకుంది. "నీకు భుజం ఎన్నడన్న జారిందా?"

"దినాం జారుతది సార్," అంది అవ్వ. "గది రోగమా? నేను చాతగానిదాన్ననుకున్న."

జోకు కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మందు లేదన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేసినా మళ్లీ సాగుతుందట. కండ బలపడాలి: రోజూ గోడను నెట్టాలి, మోచెయ్యి ఒంటికి ఆనించి పని చేసుకోవాలి, భుజానికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవాలి. "ఇగ ఎవలకు చూపెట్టకు. జార్చిన కొద్ది ఇంక సాగుతది." తేలికపని ఇవ్వాలని, జార్చి చూపించమని అడగొద్దని చిట్టీ రాసిచ్చాడు.

ఆ చిట్టీ పట్టుకుని మళ్లీ బావి దవాఖానకు వెళ్లాం. డాక్టరు చదివాడు. "ఏదీ, చూపించు."

"చూపెట్టద్దని రాసిచ్చిండు గద సార్."

"చూపించకపోతే ఎలా నమ్మేది?"

చూపించినప్పుడు నమ్మలేదు కదా అనబోయాను. ఈలోపు వెనకనుంచి అవ్వ ముందుకొచ్చింది. "పోరన్ని అడుగకుండ్రి సార్. నాది సూడుండ్రి, గసొంటిదే," అని కొంగు సర్దుకుని, మోచెయ్యి వెనక్కి తిప్పి విదిలించింది. పెదవి కొరుక్కుని, వేలాడే చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

డాక్టరు కాంపౌండరు వైపు తిరిగి నవ్వాడు. "ఇంటిల్లిపాదీ నేర్చుకున్నారు."

వారానికి కార్డు కొట్టేశారు.

ఇప్పుడు ఆదిలాబాదులో పత్తి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర కూర్చుని, వచ్చిన బండ్ల నంబర్లు రాస్తున్నాను. ఎడమచేత్తో. భుజం నెలకోసారి జారుతుంది, మునుపు వారానికోసారి. అవ్వ నాతోనే ఉంది, చెయ్యి మడవకుండా ఎక్కే పెద్ద సైజు గాజులు వేసుకుంటుంది, ఇద్దరం పొద్దున్నే చెరో గోడ నెడతాం. గోడలు బాగానే ఉన్నాయి. నానమ్మ బాబాయి ఇంటికి వెళ్లింది. అవ్వ రోగం పేరు తెలిశాక, "రోగిష్టిదాన్ని అంటగట్టిన్రు" అని కొత్త పాట ఎత్తుకుందట. నేను ఇప్పుడు బిందె మీద జోకులు వేయను. బిందె నేనే మోస్తాను, సగం నింపి.

మీ కీళ్లూ ఇలా వంగుతుంటే ఎవరడిగినా వంచి చూపించొద్దు. భుజానికి చుట్టే క్రేప్ బ్యాండేజీని చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. ఎండలో వేస్తే సాగిపోతుంది, కొత్తది కొనాలి.