కంచం పట్టుకొని పొమ్మనేది

తిరుమలగిరి నుంచి తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను సూర్యాపేటలో ఆటోలో ఉన్నాను. "అమ్మ ఇగ మనకు లేదక్కా" అన్నాడు. తర్వాత ఏ బస్సెక్కానో, ఎక్కడ దిగానో సరిగా గుర్తు లేదు. కిటికీ పక్కన పత్తిచేలు తెల్లగా జారిపోతుంటే నిద్రలో పోతున్నట్టే ఉంది. నెల దాటినా ఇంకా అట్లాగే ఉంది.

చిన్నప్పుడు మా మీద ఎవరైనా ఫిర్యాదు తెస్తే అమ్మ వాళ్ల ముందు మమ్మల్ని ఒక్క మాట అనేది కాదు. కూర్చోబెట్టి చాయ్ పోసేది. వాళ్లు లేచాక ఉండేది మా సంగతి. రెండు దెబ్బలేసి వదిలేస్తే బాగుండునని మొక్కుకునేవాళ్లం. ఎందుకంటే అమ్మ పద్ధతి వేరు. ఎవరితో కొట్లాడామో ఆ పూట వాళ్లింట్లోనే అన్నం తినాలి. కంచం మనమే పట్టుకొని పోవాలి.

"ఆల్ల బువ్వ తిన్నంక ఆల్లను తిట్టబుద్ధి కాదు, సూడు" అనేది.

వాడకట్టుకంతా ఇది అలవాటే. కంచంతో కనబడితే చాలు, "ఇయ్యాల ఎవలతోని పెట్టుకున్నవే?" అని నవ్వేవాళ్లు. సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు నా కొడుకు అపార్ట్‌మెంట్‌లో కొట్లాడి వస్తే, కంచమిచ్చి పంపే ధైర్యం నాకు లేదు. అమ్మ ఎంత పెద్ద మనిషో అప్పుడు తెలుస్తుంది.

ఒకసారి మాత్రం నిజంగా భయపడ్డాను. తొక్కుడు బిళ్ల ఆడుతూ ఎదురింటి పిల్లా నేనూ జుట్లు పట్టుకున్నాం. అప్పటికే బోరు నీళ్ల దగ్గర పంతాలొచ్చి, రెండిళ్ల పెద్దవాళ్లకు మాటల్లేవు. వాళ్లు పెట్టకపోతే, అందరూ చూస్తుండగా ఖాళీ కంచంతో తిరిగి రావాలి. అది నాకంటే అమ్మకే ఎక్కువ అవమానం.

"ఆల్లతోని మనకు మాటల్లేవు గదమ్మా" అని ఏడ్చాను.

"మాటల్లేంది మాకు. మీకేమైంది? పో."

పొద్దు గూకుతోంది. వాళ్ల గడప దగ్గర కూర్చున్నాను. ఆ పిల్ల తల్లి, ఎదురింటి చిన్నమ్మ, నా కంచం చూసి లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఇళ్లకు మళ్లిన గొర్లతో బజారు నిండిపోయింది. ఆ దుమ్ములో, మా వాకిట్లో నిలబడ్డ అమ్మ ఒకసారి కనబడుతోంది, ఒకసారి మాయమవుతోంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

చిన్నమ్మ అన్నం గిన్నెతో బయటికొచ్చింది. నన్ను అడగలేదు. గొర్ల మీదుగా గొంతు పెంచి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి, అమ్మనే అడిగింది.

"అక్కా, మీ పిల్ల పచ్చిపులుసు తింటదా?"

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పెట్టు సెల్లె, తింటది."

గొర్లు దాటిపోయేదాకా ఇద్దరూ ఎవరి గడపలో వాళ్లు అట్లాగే నిలబడ్డారు.