గొడుగుగుడ్డ మీద పాలపుంత

1984 జూలైలో భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు నన్ను సైన్సు టీచరుగా వేశారు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నలుగురిలో నోరు పెగిలేది కాదు. అనాల్సినవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. కరెంటు లేని ఆ ఊరి ఆకాశంలో దాన్ని చేసిన దేవుడి చెయ్యి నాకు కనిపించేది. తరగతిలో మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఆ ఏడాది ఖమ్మంలో జిల్లా వైజ్ఞానిక ప్రదర్శన. బడికి ఒక్కటే నమూనా. తయారుచేసిన విద్యార్థే దాన్ని వివరించాలి. ముందుగా తనిఖీ అధికారి చూసి ఎంపిక ఫారం మీద సంతకం పెట్టాలి. తొమ్మిదో తరగతి నాగమణి పాత గొడుగుగుడ్డకు తుమ్మముల్లుతో వేల చిల్లులు పొడిచి, వెనక లాంతరు పెట్టి పాలపుంతను చూపింది. ఒక చిల్లు చుట్టూ సుద్దతో గీసి, అది మన సూర్యుడంది. కింద అట్టముక్క మీద తన మాట రాసి దారంతో కట్టింది: "ఇంత పెద్దగ, ఇంత సక్కగ చేసినోడు దేవుడు." ఆ పిల్ల అంతవరకూ ఖమ్మం చూడలేదు.

అధికారి అట్ట చదివి నా వైపు తిరిగారు. "సైన్సుల దేవుడేంది టీచరమ్మా? మీరు చర్చికి పోతరని పిల్లలకు గూడ ఎక్కిస్తున్నరా?"

నాగమణే అంది: "టీచర్ చెప్పలే సార్. నేనే రాసిన. మాకు దేవుడు లేడా?"

"మీ దేవునికి లెక్కలొస్తయా?"

"నాకొస్తయ్ సార్. అడుగుండ్రి."

సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎంతసేపని అడిగారు. ఎనిమిది నిమిషాల పైచిలుకంది. అదే వెలుగు పాలపుంతను ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి? లక్ష ఏళ్లంది. రెండూ సరైనవే. అయినా అట్ట తీస్తేనే సంతకమన్నారు.

పిల్ల ఖమ్మం వెళ్లాలన్న ఆశతో దారం నేనే కత్తిరించాను. ఆయన సంతకం పెట్టి వెళ్లారు. నాగమణి గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. "గట్లయితే మీరే పోయి చెప్పుండ్రి టీచర్." ఎంత బతిమాలినా రాలేదు.

నమూనా పేరు జాబితాకెక్కింది కనుక, వివరించే పిల్ల లేకపోయినా నేనే తీసుకువెళ్లాను. ప్రదర్శన మొదలుపెట్టే ముందు అదే అధికారి వేదిక మీద దేవుడి పటానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, హారతి తిప్పారు. సైన్సులో ఇదేమిటని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందులో సగం నా మీదే. పిల్ల చెప్పిన లెక్క సరైనప్పుడు, ఆ అందాన్ని చూసి ఆమె ఎవరిని తలుచుకుందో కొట్టేసే హక్కు దిద్దేవాళ్లకు లేదు. ఆ మాట నాగమణి ఎదుట, సంతకానికి ముందు చెప్పవలసింది. తర్వాతి ఉద్యోగమంతా అలాంటి సందర్భాల్లో చెప్పాను; ఆమెకు మాత్రం అది పనికిరాలేదు.